నుదుట మచ్చ లేని గేదె

మా మున్సిపల్ కమిషనర్ చిదంబరేశ్వరరావు గారి నుదుటి మీద తెల్ల మచ్చ మొట్టమొదట కనిపించింది ఆగస్టు పదిహేనున, జెండా వందనం ఫోటోలో. మనిషికి లేదు, ఫోటోలోనే ఉంది. కనుబొమలకు కాస్త పైన, రూపాయి బిళ్లంత, అంచులు మసకబారి ఉంది.

ఆ ఫోటో తీసింది ఆఫీసుకు కొత్తగా వచ్చిన ముప్పై రెండు ఫోన్లలో ఒకదానితో. పదకొండు గంటలకల్లా అది మా ఊరి వాట్సాప్ గ్రూపు 'మన పట్నం, మన గళం'లో పడింది. ఆ గ్రూపులో ఎనిమిది వందల మంది సభ్యులున్నారు, ఎనిమిది వందల మందీ నిపుణులే. కుళాయి నీళ్లు మురుగు కంపు కొడితే నెలరోజులు ఎవరూ నోరు విప్పరు. ఫోటోలో మచ్చ అనేసరికి మధ్యాహ్నం భోజనాలు మానేసి మరీ దిగారు.

ఒకాయన కెమెరాలో లోపం అన్నాడు. ఇంకొకాయన సెల్‌టవర్ల వేడికి కెమెరా లోపలి గాజు కరిగిందన్నాడు. తనకు బాగా తెలిసినవాడొకడు ఆ ఫోన్ల కంపెనీలోనే పనిచేస్తున్నాడనీ, ఈ సంగతి లోపల అందరికీ తెలుసనీ, పేరు మాత్రం అడగొద్దనీ ఒకడు రాశాడు. ఆ పేరు లేనివాడి మాటను సాయంత్రానికి మూడు వందల మంది ఇతర గ్రూపులకు పంపారు. రాత్రికి అదే మాట, వేరే ఊరి గ్రూపు నుంచి, 'ఇది నిజమేనా?' అంటూ మాకే తిరిగి వచ్చింది. అక్కడ కూడా అంటున్నారంటే నిజమే అయి ఉంటుందని మావాళ్లు తీర్మానించారు.

గ్రూపు పెద్ద వీరభద్రం మాస్టారు, రిటైరైన హెడ్మాస్టరు, అన్నిటికీ చివర తీర్పు చెప్పారు. నిష్కళంకంగా ప్రజాసేవ చేసేవారి ముఖంలో ఒక తేజస్సు పుడుతుందట. మామూలు కంటికి అందదు గానీ యంత్రానికి దొరుకుతుందట. ఆ సందేశం కింద రెండు వందల పద్నాలుగు బొటనవేళ్లు లేచాయి. కమిషనర్ గారు దాన్ని ప్రింటు తీయించి, సంతకం పెట్టి, ఫైల్లో వేయించారు.

ఈ సంగతులన్నీ నాకెలా తెలుసంటే, నేను ఆ ఆఫీసులోనే పశువుల సెక్షన్ గుమాస్తాని. వీధుల్లో తిరిగే పశువులను పట్టి బంధించే బందెలదొడ్డి రిజిస్టరూ, ఆ దొడ్డి తాళంచెవీ నా దగ్గరే ఉంటాయి. ఆఫీసులో నన్ను గేదెల గుమాస్తా అంటారు. నాకేమీ అభ్యంతరం లేదు. మిగతా సెక్షన్ల కంటే గేదెలే నయం.

ఆ ఫోన్లు కొన్నదే గేదెల కోసం. ఆ ఏడు మా ఊళ్లో 'పశుముఖ నమోదు' అనే మహత్తర పథకం మొదలైంది. ఊళ్లో ప్రతి పశువునూ ఎదురుగా నిలబెట్టి మొహం ఫోటో తీయాలి. ఫోటో చూసి ఫోనే వర్ణన రాసుకుంటుంది. రేపు ఆ పశువు రోడ్డు మీద దొరికి దొడ్డిలో పడితే, రికార్డులోని ఫోటోను ఎదురుగా ఉన్న పశువుతో పోల్చి చూసి యజమానికి అప్పగిస్తారు. ఫోటోను ఫోటోతో పోల్చకూడదు. అలా పోలిస్తే మోసాలు జరుగుతాయని రూలు పెట్టారు.

నెలరోజుల్లో పన్నెండు వందల గేదెలను తీశారు. పన్నెండు వందల గేదెలకూ నుదుట తెల్ల మచ్చ. ఫోన్లు వర్ణన కూడా రాసేశాయి: 'నల్ల గేదె, నుదుట తెల్ల మచ్చ గలదు.'

గ్రూపులో మళ్లీ రగడ మొదలైంది. 'మాస్టారూ, గేదెలకు కూడా ప్రజాసేవ తేజస్సేనా?' అని ఎవడో అడిగాడు. మాస్టారు వాణ్ణి గ్రూపులోంచి తీసేశారు. కమిషనర్ గారు మాత్రం చురుగ్గా కదిలారు. వాదోపవాదాలను పరిశీలించి నివేదిక ఇవ్వడానికి ఐదుగురితో కమిటీ వేశారు. ఐదుగురూ కలిసి గ్రూపులోని నాలుగు వేల సందేశాలు చదివారు. ఫోన్ల కంపెనీకి ఉత్తరం రాశారు. తమ ఫోన్లలో ఏ లోపమూ లేదని కంపెనీవాళ్లు రంగురంగుల కాగితం మీద జవాబిచ్చారు. కమిటీలో ఎవరూ ఒక్క ఫోనునైనా చేతిలోకి తీసుకోలేదు. తీసుకోమని ఉత్తర్వుల్లో లేదు.

నివేదిక నేనే టైపు చేశాను కనుక నాకు కంఠతా వచ్చు. 'కెమెరాలో లోపము లేదని తయారీదారు లిఖితపూర్వకముగా ధ్రువీకరించి యున్నందున, సదరు మచ్చ గేదెల యందే ఉన్నట్లు భావించవలసి యున్నది. కంటికి కనిపించకపోవుట పరిశీలకుని దృష్టిలోపముగా పరిగణించవలెను.'

సరిగ్గా ఆ నివేదిక మీద సంతకాలు అయిన సోమవారం నాడే నాంచారమ్మ గేదె దొడ్డిలో పడింది.

నాంచారమ్మది రైలుకట్ట అవతల రేకుల ఇల్లు. మొగుడు పోయి చాలా కాలమైంది. ఆమెకున్నది ఒకటే గేదె, పేరు కావేరి. ఈని ఇరవై రోజులైంది. ఆ పొద్దున పలుపు తెంపుకుని పచ్చగడ్డి వాసనకు రోడ్డెక్కింది. మావాళ్లు పట్టుకొచ్చారు. పదిన్నరకు నాంచారమ్మ ఒగరుస్తూ నా టేబులు ముందు నిలబడింది.

"బాబూ, నా బర్రెని తోలుకొచ్చారంట. ఇడిపించు, నీకు పుణ్యముంటది. దూడ అరుస్తా ఉంది."

రికార్డులోని ఫోటో బయటికి తీసి చూపించాను. "ఇది నీ గేదేనా?"

"నాదే."

"దీనికి మచ్చ ఉంది. దొడ్డిలో ఉన్నదానికి లేదు."

"నా బర్రెకి మచ్చ యాడుంది బాబూ? పెయ్యప్పటి నించి నేను సాకిందే గదా?"

"అయితే ఫోటోలోది నీ గేదె కాదన్నమాట."

"నాదేనయ్యా! మీవోళ్లే గదా వొచ్చి తీసింది!"

"ఫోటోలోది నీదైతే దొడ్డిలోది నీది కాదు. దొడ్డిలోది నీదైతే ఫోటోలోది నీది కాదు. రెండూ నీవే ఎలా అవుతాయి?"

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. మా చిన్నప్పుడు ఇంటికి పిచ్చివాడు ముష్టికొస్తే మా అమ్మ అలాగే చూసేది. 

"పోనీ పాలన్నా పిండుకోనీ," అంది చివరికి. "పొద్దున పిండలేదు. పొదుగు రాయయిపోద్ది. అది నాకు తప్ప ఎవురికీ చేపదు, పాలియ్యదు."

"పరాయి గేదెను పితకడం దొంగతనం కిందికి వస్తుంది," అన్నాను.

ఆ మాట అన్నది నేనే. ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలనిపిస్తుంది. కానీ ఆవేళ చాలా సాఫీగా అన్నాను, ఇరవై రెండేళ్ల సర్వీసు కదా.

గురువారానికి దొడ్డిలో అరవై ఒక్క గేదెలు పోగయ్యాయి. ఒక్కదానికీ మచ్చ లేదు, కనుక ఒక్కదాన్నీ విడిచిపెట్టే వీల్లేదు. కమిషనర్ గారు సమీక్షా సమావేశం పెట్టారు.

"పరిస్థితిని స్థూలంగానూ సూక్ష్మంగానూ అవలోకించవలసి ఉన్నది," అన్నారాయన. "మన రికార్డుల ప్రకారం పట్నంలో పన్నెండు వందల మచ్చ గేదెలున్నాయి. మన అధీనంలో అరవై ఒక్క మచ్చ లేని గేదెలున్నాయి. అంటే ఇవి నమోదు కాని గేదెలు. మరి నమోదైన ఆ అరవై ఒక్క గేదెలు ఎక్కడికి తరలిపోయాయి? యజమానులకు నోటీసులు ఇవ్వండి."

ఇచ్చాం. 'మీ పేర నమోదైన మచ్చ గేదెను మూడు దినములలో హాజరుపరచనిచో చట్టరీత్యా చర్య తీసుకొనబడును.' నాంచారమ్మ నోటీసు నేనే తీసుకెళ్లాను. చదివి చెప్పమంది. చెప్పాను. రేకుల కింద దూడ డొక్కలు లోపలికి పోయి పడుకుని ఉంది. పక్కింటి నుంచి అడిగి తెచ్చిన పాలు వేళ్లకు రాసి దాని నోట్లో పెడుతోంది నాంచారమ్మ.

"నాకున్న బర్రెని మీరు కట్టేసుకుని, లేని బర్రెని తెమ్మంటన్నారా?" అంది. నోటీసు మడిచి చూరులో దోపింది.

గ్రూపుకు ఈ నోటీసుల సంగతి తెలిసింది. ఇక చూడాలి. మచ్చ గేదెలను దొంగతనంగా పొరుగు రాష్ట్రానికి తరలించే ముఠా ఉందన్నారు. మచ్చ లేని గేదె పాలు తాగితే కంటిచూపు పోతుందన్నారు. తమకు తెలిసిన ఒక కుటుంబంలో ముగ్గురికి పోయిందట, పేర్లు అడగొద్దట. మర్నాటి నుంచి పాలవాడు గుమ్మంలోకి రాగానే జనం గేదె ఫోటో చూపించమనడం మొదలెట్టారు. ఫోటోలో మచ్చ చూసి, తృప్తిపడి, గిన్నె పట్టేవారు. 

శుక్రవారం నాడు దొడ్డిలోని గేదెల ఫోటోలు తీయడానికి శానిటరీ మేస్త్రీ వచ్చాడు. వారం పొడుగునా పొద్దునా సాయంత్రం దొడ్డి గోడ దగ్గర నిలబడి ఉంటున్న నాంచారమ్మ ఆవేళా అక్కడే ఉంది. మేస్త్రీ ఫోను ఎత్తిపట్టాడు. ఆమె గోడకు అవతల, ఫోనుకు ఎదురుగా ఉంది.

"బాబూ, ఆ ఫోను యనకమాల అద్దం మీద తెల్లంగా ఏందో పడింది," అంది నాతో. "గోటితో గీకితే పోద్ది."

నేను ఫోను తిప్పి చూశాను. ఫోను వెనక మూడు గుండ్రటి గాజుకళ్లున్నాయి. మొదటి కంటి మీద ఆవగింజంత తెల్ల రంగు చుక్క. జేబులోంచి నా ఆఫీసు ఫోను తీసి చూశాను. దానికీ అక్కడే ఉంది. నాలుగు వేల సందేశాలు, ఐదుగురి కమిటీ, ఒక కంపెనీ జవాబు, రెండు వందల పద్నాలుగు బొటనవేళ్ల తేజస్సు అన్నీ ఆ ఆవగింజలో ఉన్నాయి.

నేరుగా స్టోర్ కీపర్ కోటిలింగం దగ్గరికి వెళ్లాను. ముప్పై ఏళ్లుగా మా ఆఫీసు సామాను లెక్క చూసేది ఆయనే. ప్రతి ఏడూ తనిఖీలో కుర్చీ, బీరువా, ఫ్యాను, చెత్తబండి, దేన్ని సరిచూసినా దాని మీద తెల్ల ఎనామిల్‌తో చిన్న చుక్క పెడతాడు. చుక్క ఉంటే అది సరిచూసిన మున్సిపల్ ఆస్తి. లేకపోతే ఎవరిదో.

"ఫోన్ల మీద చుక్క పెట్టింది నువ్వేనా?" అన్నాను.

"నేను గాక ఇంకెవరు పెడతారు?" అన్నాడు గర్వంగా. "చుక్క రాపిడికి చెరిగిపోకూడదని రూలు. ఫోను జేబులో రాసుకుంటది గదా, యాడ పెట్టాలా అని చూశా. వెనకాల చక్కగా మూడు గుంటలు చేసిచ్చాడు కంపెనీవోడు. ఒక్కో ఏటికి ఒకటి. ఈ ఏడు మొదటిది పెట్టా. వచ్చే ఏడు రెండోది. మూడేళ్లకి ఫోను ఆయుర్దాయం అయిపోద్ది. ఎంత ఆలోచించి చేశాడో చూడు!"

"అవి కెమెరా కళ్లయ్యా!"

"కావొచ్చు," అన్నాడు కోటిలింగం. "నా రిజిస్టర్లో కెమెరా అని లేదు. 'ఫోను, నల్లది' అనే ఉంది."

ఇద్దరం కమిషనర్ గారి గదికి వెళ్లాం. నేను చుక్క చూపించాను. గోటితో గీకితే పోతుందని చెప్పాను. నాంచారమ్మ చెప్పిందని చెప్పలేదు, చెబితే అసలు వినరు. ఆయన ఫోను వెనకవైపు చూశారు. గోడ మీద తన జెండా వందనం ఫోటోవైపు చూశారు. దాన్ని పెద్దది చేయించి ఫ్రేము కట్టించుకున్నారు. తేజస్సు గాజు కింద ధగధగలాడుతోంది.

"అంటే, నా నుదుటి మీద ఉన్నది ఎనామిల్ అంటావా?" అన్నారు నెమ్మదిగా.

ఆ గదిలో జవాబు చెప్పినవాళ్లెవరూ తర్వాత ప్రమోషను చూడలేదు.

ఆయన గొంతు సవరించుకున్నారు. "తనిఖీ చిహ్నమును చెరపడం ప్రభుత్వ ఆస్తిని గుర్తుపట్టకుండా చేయడమే అవుతుంది. ఆడిట్ వారు ఆక్షేపిస్తారు. గీకుటకు అనుమతి కోరుతూ పై కార్యాలయమునకు లేఖ రాయండి. జవాబు వచ్చేవరకు యథాతథ స్థితి."

"మరి అరవై ఒక్క గేదెలు సార్? పాలు పితక్క పొదుగులు వాచిపోతున్నాయి."

"అందుకు ఒక ప్రగతిశీల మార్గం గోచరిస్తున్నది. వాస్తవానికి తగ్గట్టు రికార్డును మార్చడం ఫోర్జరీ. రికార్డుకు తగ్గట్టు వాస్తవాన్ని మార్చడం పరిపాలన. గేదెలకు మచ్చ పెట్టించండి. అప్పుడు రెండూ సరిపోతాయి, ఎవరి గేదెను వారికి ఇచ్చేయవచ్చు."

నిజం చెప్పాలంటే నాకు ప్రాణం లేచొచ్చింది. ఎలాగైతేనేం, నాంచారమ్మ గేదె ఇంటికి పోతుంది. ఎనిమిదో రోజు, సోమవారం పొద్దున, కోటిలింగం ఎనామిల్ డబ్బా, కుంచె, రిజిస్టరు పట్టుకుని దొడ్డిలోకి వచ్చాడు. మొదట కావేరికే పెట్టించాను. నుదుటి మీద తెల్లగా, రూపాయి బిళ్లంత. నాంచారమ్మ దూడను చంకనెత్తుకుని గేటు బయట నిలబడి ఉంది. దూడ వాసన తగలగానే కావేరి మెడ సాచి ఒక్కసారి అరిచింది. వాచిన పొదుగులోంచి పాలు బొట్లు బొట్లుగా నేల మీద పడ్డాయి. వారంపాటు ఎవరు చెయ్యి వేసినా తన్నిన గేదె అది.

"ఇప్పుడైనా నాదేనంటారా?" అంది నాంచారమ్మ.

"నీదే," అంటూ నేను తాళంచెవి తీశాను.

"ఆగండాగండి," అన్నాడు కోటిలింగం. అప్పటికే ఆయన రిజిస్టరు తెరిచి రాసేస్తున్నాడు. "చుక్క పెట్టాక నంబరు వెయ్యకుండా ఎట్టా వదుల్తా? గేదె, నల్లది, ఒకటి. ఇప్పుడిది స్టాకు. గేటు దాటాలంటే కమిషనర్ గారి సంతకం కావాలి. అయినా మున్సిపల్ ఆస్తిని బయటివాళ్లకి ఎట్టా ఇస్తారు?"

కమిషనర్ గారికి ఫోను చేశాను. ఆయన కోటిలింగంతో ఏకీభవించారు. సంబరపడ్డారు కూడా. ఒక్క పైసా ఖర్చు లేకుండా పట్నం ఆస్తి అరవై ఒక్క గేదెల మేర పెరుగుతుందని, ఆ సంగతి గ్రూపులో పెట్టమని చెప్పారు. పెట్టిన అరగంటలో మూడు వందల బొటనవేళ్లు లేచాయి.

నేను నాంచారమ్మకు వివరించాను. మచ్చ లేకపోతే గేదె ఆమెది కాదు. మచ్చ ఉంటే మున్సిపాలిటీది. ఆమె ఏడవలేదు. దూడను ఇంకో చంకకు మార్చుకుంది.

"బాబూ, మచ్చ లేని బర్రె మీ పుస్తకాల్లో ఉందా?" అంది.

"లేదు. రికార్డులో ఉన్నవన్నీ మచ్చ గేదెలే."

"స్టాకులో?"

"స్టాకులోనూ చుక్క ఉన్నదే."

"అయితే మచ్చ లేందాన్ని ఎవురన్నా తోలుకుపోతే మీకు యాడ తగ్గుద్ది?"

కోటిలింగం దొడ్డి అవతలి కొసన ఏడో గేదెకు చుక్క పెడుతున్నాడు. నేను గేటు తీశాను. ఇరవై రెండేళ్లలో నేను చేసిన మంచి పని అదొక్కటే. అదీ రూలు ప్రకారమే చేశాను. నాంచారమ్మ లోపలికి వచ్చి దూడను దించింది. అది తూలుతూ పోయి పొదుగు పట్టుకుంది. ఆమె కుడితి తొట్టిలో కొంగు ముంచి, ఇంకా ఆరని ఎనామిల్‌ను కావేరి నుదుటి మీంచి తుడిచేసింది. కొంగంతా తెల్లబడింది. నుదుటి మీద వెంట్రుకలు కాస్త నిక్కబొడుచుకున్నాయి, అంతే. ముగ్గురూ నా ముందు నుంచే గేటు దాటి వెళ్లారు. రిజిస్టర్లో నేనేమీ రాయలేదు. లేని గేదె బయటికి పోవడం సంఘటన కిందికి రాదు.

నేను నోటితో చెప్పక్కర్లేకుండానే, మధ్యాహ్నానికి మిగతా యజమానులు తలా ఒక కిరసనాయిలు గుడ్డతో వచ్చారు. సాయంత్రానికి దొడ్డి ఖాళీ. స్టాకు రిజిస్టర్లో మాత్రం అరవై ఒక్క గేదెలు ఇప్పటికీ ఉన్నాయి. ప్రతి నెలా వాటికి దాణా మంజూరవుతుంది.

గీకుటకు అనుమతి జవాబు ఎనిమిది నెలలకు వచ్చింది. మొదటి కంటి మీది చిహ్నం చెరపరాదనీ, అవసరమైతే రెండో కన్ను వాడుకోవచ్చనీ రాశారు. ఆ ఉత్తరం వచ్చేనాటికి కోటిలింగం రెండో ఏటి తనిఖీ పూర్తి చేశాడు. ఇప్పుడు ఫోటోల్లో ఒక్కొక్కరికి రెండేసి మచ్చలు. గ్రూపులో రెండో మచ్చ దేనికి సూచన అన్న చర్చ నడుస్తోంది. నేను ఉండబట్టలేక ఒక ఫోను మీది చుక్కలు గోటితో గీకి, శుభ్రంగా వచ్చిన కమిషనర్ గారి ఫోటో ఒకటి గ్రూపులో పెట్టాను. మచ్చ లేదు కనుక ఇది ఎవరో కంప్యూటర్లో మార్చిన దొంగ ఫోటో అని గంటలో తేల్చి, మాస్టారు నన్నూ గ్రూపులోంచి తీసేశారు.

మొన్న ఆఫీసులో కాఫీ తాగుతూ కమిషనర్ గారు కప్పు వైపు మెచ్చుకోలుగా చూశారు. పాలు పోసేది నాంచారమ్మే. చెంబు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది.

"చాలా చిక్కటి పాలు. ఏ గేదెవమ్మా?" అన్నారు.

"లేని బర్రెవి బాబూ," అంది నాంచారమ్మ. "వారం దినాలు పిండక మూడు చన్నులే మిగిలినయి దానికి. నాలుగోది మీ దొడ్లోనే ఉండిపోయింది, అది మీ పుస్తకంలో రాసుకోండి."